మూతి వంకర అంటాం, కన్ను సంగతి మరుస్తాం

ముఖం ఒక పక్క చచ్చుబడితే మనవాళ్ళు దానికి పెట్టుకున్న పేరు మూతి వంకర. అద్దంలో చూసుకునేదీ మూతే, పలకరించడానికొచ్చిన చుట్టాలు గుచ్చి గుచ్చి చూసేదీ మూతే. ఓపీలో మొదటి అయిదు నిమిషాలూ నీళ్లు తాగితే పక్కనుంచి కారిపోవడం గురించీ, నవ్వితే మొహం ఒక వైపుకు లాగేయడం గురించీ గడిచిపోతాయి. ఆ మనిషి రాత్రిళ్ళు ఒక కన్ను తెరుచుకునే నిద్రపోతున్నాడన్న సంగతి భార్యో కూతురో చెప్తే గానీ బయటికి రాదు, అదీ లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర. పేరులోనే పొరపాటు ఉందని నా అనుమానం. వంకర పోయినందువల్ల మూతి పాడైపోదు. మూత పడని కన్ను పాడైపోతుంది, ఒక్కోసారి పది రోజుల్లోనే.

డిశ్చార్జి కాగితాల మీద తరచూ కనిపించే మాట ఒకటుంది: "ఆరు నెలలు ఆగి చూద్దాం." నరం వరకూ అది సరైన మాటే. ముఖనరం ఎంత వరకు తిరిగొస్తుందో తేలడానికి నెలలు పడుతుంది, తొందరపడి ప్రయోజనం లేదు. కానీ అదే మాటను కంటికీ అంటగట్టి, ఒక చుక్కల మందు రాసి ఇంటికి పంపేస్తున్నారు. నరం లెక్క నెలల్లో ఉంటుంది, నల్లగుడ్డు మీదుండే గాజు పొర, అంటే కార్నియా లెక్క రోజుల్లో ఉంటుంది. రెండు లెక్కల్నీ ఒకే గీత కింద కూడేయడంతోనే నా పేచీ.

కారే కన్ను ఎండిపోతుందా?

"ధారగా నీళ్లు కారుతుంటే కన్ను ఎండిపోయిందంటారేంటి డాక్టరుగారూ?" ఇది న్యాయమైన ప్రశ్న. పై రెప్పను ఎత్తే కండరానికి మూడో కపాల నరం, రెప్పలు మూసే కండరానికి ఏడో నరం, అంటే ముఖనరం. ఏడోది పడిపోతే ఎత్తేవాడు ఉన్నాడు, దించేవాడు లేడు. పై రెప్ప మామూలు కన్నా ఒక పిసరు పైకి జరుగుతుంది, కింది రెప్ప వేలాడుతుంది. నిమిషానికి పదిహేను సార్ల దాకా రెప్పలార్పుతూ కన్నీటిని పొరలా పరిచే పని ఆగిపోతుంది. కింది రెప్ప కొసన కన్నీళ్లు లోపలికి దిగే చిన్న రంధ్రం కనుగుడ్డు నుంచి ఎడంగా జరిగిపోతుంది. దాంతో నీళ్లన్నీ చెంప మీదికి పోతాయి, కార్నియా మీద మాత్రం గాలి ఆడుతుంది. పొలానికి అందాల్సిన నీరు గట్టు తెగి రోడ్డు మీద పారినట్టు.

పరీక్షలో దొర్లే తప్పు ఇంకొకటి ఉంది. "గట్టిగా కన్ను మూయండి" అంటారు. రోగి పళ్ళు బిగించి, మొహమంతా ముడిచి మూస్తాడు. "మూత పడుతోంది" అని రాసేస్తారు. హౌస్-బ్రాక్‌మన్ కొలమానంలో (ముఖం ఎంత చచ్చుబడిందో చెప్పే లెక్క) మూడో గ్రేడు అంటేనే ప్రయత్నిస్తే కన్ను పూర్తిగా మూతపడే స్థితి. నిద్రలో ఎవరూ ప్రయత్నించరు కదా! "నిద్రపోతున్నట్టు మెల్లగా మూయండి" అని, అప్పుడు రెప్పల మధ్య మిగిలిన సందును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. ఇంకా మంచి పద్ధతి, రాత్రి రెండింటికి ఇంట్లోవాళ్ళు ఫోన్లో అర నిమిషం వీడియో తీయడం. ఓపీలో రెండు మిల్లీమీటర్లుగా కనిపించిన సందు ఆ వీడియోలో ఆరు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కన్ను మూయబోతే గుడ్డు దానంతటది పైకి తిరుగుతుంది. దీన్నే బెల్స్ ఫినామినన్ అంటారు. ఇది బాగున్నవాళ్ళకు సందున్నా తెల్లగుడ్డే బయట ఉంటుంది, కార్నియా రెప్ప చాటుకు పోతుంది. నూటికి పది పదిహేను మందిలో ఇది సరిగా ఉండదు. వాళ్ళకు మూడు మిల్లీమీటర్ల సందు చాలు, కార్నియా కింది భాగం రాత్రంతా ఆరిపోవడానికి. అందుకే సందు కొలత ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవడం నాకు నచ్చదు.

అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసేది, కార్నియాకు స్పర్శ ఉందా లేదా అన్నది. దూది కొసను పురికొసలా సన్నగా మెలితిప్పి, రోగికి కనబడకుండా పక్కనుంచి తెచ్చి తాకించాలి. మత్తు చుక్కలు వేయకముందే చేయాలి, వేశాక చేస్తే అర్థం లేదు. మామూలుగా రెప్ప ఆర్పితే స్పర్శ ఉన్నట్టు లెక్క. ఇక్కడ ఆ పక్క రెప్ప ఎలాగూ కదలదు. కాబట్టి రెండో కన్ను ఆర్పుతోందా అని చూడాలి, "తగిలిందా?" అని అడగాలి. రెప్ప కదల్లేదని స్పర్శ లేదని రాసేయడం, లేదా అసలు చూడకుండానే వదిలేయడం, రెండూ జరుగుతుంటాయి. స్పర్శ లేని కన్ను నొప్పెట్టదు. పుండు పడ్డా రోగి నవ్వుతూనే వస్తాడు. అదే భయం.

ఆగడం సబబైన చోట

నాకు ఎదురు నిలిచే వాదన బలమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయలేను. మూతి వంకరతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది కారణం తేలని బెల్స్ పాల్సీ. అందులో దాదాపు 85 శాతం మందికి మూడు వారాల్లోపే ఎంతో కొంత కదలిక మొదలవుతుంది. ఏ మందూ లేకుండానే పదిమందిలో ఏడుగురు పూర్తిగా కోలుకుంటారు. 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే లెక్క ఇంకా మెరుగు. స్కాట్లాండులో చేసి 2007లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో తొమ్మిది నెలలకి ఆ మందు వాడినవాళ్ళలో 94 శాతం, వాడనివాళ్ళలో 82 శాతం కోలుకున్నారు. ఇలాంటి జబ్బులో రెండో వారానికే రెప్పకు కత్తి పెట్టే సర్జను నిజంగానే తొందరపాటు మనిషి.

అయితే ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. పగలు కన్నును తడిగా ఉంచే చుక్కలు (ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) గంటకోసారి, రాత్రి కంటినిండా ఆయింట్‌మెంటు, దాని మీద టేపు. ఈ టేపు దగ్గరే సగం కళ్ళు దెబ్బతింటాయి. కంటి మీద దూది ప్యాడ్ పెట్టి అడ్డంగా ప్లాస్టర్ వేసేస్తారు. ప్యాడ్ కింద కన్ను మళ్ళీ తెరుచుకుంటుంది, తెల్లార్లూ గాజుగుడ్డ కార్నియాను గీకుతూనే ఉంటుంది. ప్యాడ్ వద్దు. ముందు ఆయింట్‌మెంటు, తర్వాత పై రెప్పను వేలితో పూర్తిగా కిందికి దించి, చర్మం మీది జిడ్డు తుడిచి, రెప్ప మీదనుంచి చెంప మీదికి వాలుగా సన్నటి టేపు. వేశాక టార్చి వేసి చూస్తే సందు కనబడకూడదు. తేనె, పసర్లు, చనుబాలు కంట్లో పోయించుకుని వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను తిట్టేముందు, టేపు ఎలా వేయాలో మనం ఒక్కసారైనా చేసి చూపించామా అన్నది చూసుకోవాలి.

ఇక ఆగకూడని వాళ్ళు. చెవి నరం గడ్డ, అంటే అకౌస్టిక్ న్యూరోమా తీసేటప్పుడు ఏడో నరంతో పాటు పక్కనే ఉన్న, కార్నియాకు స్పర్శనిచ్చే అయిదో నరమూ దెబ్బతిన్నవాళ్ళు. చెవి ముందుండే పరోటిడ్ లాలాజల గ్రంథి క్యాన్సర్‌కు నరాన్ని కోసి తీసేయాల్సి వచ్చినవాళ్ళు. కుష్ఠువ్యాధిలో ఆరు నెలలు దాటినా రెప్ప కదలనివాళ్ళు. గుడ్డు పైకి తిరగడం లేదు, స్పర్శ లేదు, కన్నీళ్లూ ఊరడం లేదు అన్న మూడూ ఒకే కంట్లో కలిస్తే నిర్ణయం ఆ వారంలోనే జరగాలి. ఈ జాబితాలో ఎవరికీ "ఆగి చూద్దాం" అన్న మాట వర్తించదు. బెల్స్ పాల్సీ అనుకున్నది మూడు నెలలకీ కాస్తయినా కదలకపోతే అది బెల్స్ పాల్సీ కాకపోవచ్చు. మళ్ళీ మొదటినుంచి చూసి స్కాన్ చేయించాలి.

కుట్టేయడం

రెప్పల్ని బయటి కొసన కలిపి కుట్టడం, టార్సోరఫీ, చాలాచోట్ల మొదటిదీ చివరిదీ అయిన ఆపరేషన్. పదిహేను నిమిషాల పని, ప్రత్యేక సామాను అక్కర్లేదు. తాత్కాలికమైతే రెప్ప అంచుల గుండా దారం తీసి, అది చర్మాన్ని కోసేయకుండా సెలైన్ సెట్టు గొట్టం ముక్కల్ని కింద వత్తుగా పెట్టి ముడివేస్తారు. రెండు మూడు వారాలు కాపాడుతుంది. శాశ్వతమైతే రెప్ప అంచును వెంట్రుకల వరసకు వెనక, బూడిద గీత దగ్గర చీల్చి, పై పొర గీకేసి, రెప్పలకు గట్టిదనమిచ్చే రెండు టార్సస్ పలకల్ని కరిగే దారంతో కలుపుతారు. పై పొర సరిగా గీకకపోతే దారం కరిగాక రెప్పలు మళ్ళీ విడిపోతాయి. వెంట్రుకల మొదళ్ళను కోస్తే అవి లోపలికి తిరిగి మొలిచి కార్నియానే గీకుతాయి.

అత్యవసరంలో దీన్ని మించింది లేదు. అలవాటుగా మారడమే బాగాలేదు. పక్క చూపు తగ్గుతుంది, కన్ను చిన్నదవుతుంది, కుట్టిన మేర తప్ప మిగిలిన సందు అలాగే ఉంటుంది. "విప్పేయొచ్చు" అంటారు గానీ విప్పాక అంచు మునుపటిలా ఉండదు, గంటు పడుతుంది. అయినా ఇక్కడ నాకూ ఊగిసలాట ఉంది. స్పర్శ లేని కార్నియా, ఆసుపత్రికి వంద కిలోమీటర్ల దూరాన ఊరు, చుక్కలు వేయడానికి ఇంట్లో ఎవరూ లేని ముసలామె అనుకోండి. ఆమెకు అందమైన ఆపరేషన్ కన్నా మూడోవంతు కుట్టేసిన కన్నే క్షేమం. ఇలాంటివాళ్ళ కంట్లో పువ్వు పడకుండా ఆపింది చాలాసార్లు ఈ పాత కుట్టే.

కొన్ని వారాలకే అవసరమైతే రెప్పను ఎత్తే కండరంలోకి బోటాక్స్ ఇచ్చి రెప్పను వాల్చేసే దారి కూడా ఉంది. మూడు నాలుగు రోజుల్లో వాలుతుంది, ఆరు నుంచి పన్నెండు వారాలుంటుంది. మందు పక్క కండరంలోకి పాకితే ఉన్న బెల్స్ ఫినామినన్ కూడా కొన్నాళ్ళు పోతుంది. గుడ్డు పైకి తిరగడం మీదే ఆధారపడ్డ కంటికి అది చిన్న నష్టం కాదు.

గ్రాము బంగారం

పై రెప్పలో బరువు పెట్టడం వెనక ఆలోచన చాలా సాదాసీదాది. ఎత్తే కండరం బాగానే ఉంది. దించే కండరం పని భూమ్యాకర్షణకు అప్పజెబుదాం. ఎత్తే కండరం సడలగానే రెప్ప తన బరువుకు తనే దిగుతుంది. దీనికి వాడే బంగారపు పలక 0.6 నుంచి 1.8 గ్రాముల వరకు ఉంటుంది, ఎక్కువమందికి ఒక గ్రాము, 1.2 గ్రాముల దగ్గర సరిపోతుంది. ఒక గ్రామంటే కాసులో ఎనిమిదో వంతు అన్నమాట. "మా కంసాలి చేత చేయిస్తే చవక కదా?" అని అడిగేవాళ్ళుంటారు. నగల బంగారంలో రాగి, వెండి కలుస్తాయి. ఇక్కడ కావాల్సింది 24 క్యారెట్లది, కనుగుడ్డు వంపుకు తగ్గట్టు వంచి, అంచులు నునుపు చేసి, కుట్టడానికి మూడు బెజ్జాలు పెట్టినది. ప్లాటినం బంగారం కన్నా సాంద్రమైనది. అదే బరువుకు పలక ఇంకా పలచగా వస్తుంది, బంగారం పడనివాళ్ళకు కూడా పనికొస్తుంది.

బరువు ఎంచడం ఆపరేషన్ టేబుల్ మీద జరిగే పని కాదు. ముందే, రోగిని కూర్చోబెట్టి, వేర్వేరు బరువుల్ని ఒక్కొక్కటిగా రెప్ప మీద రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి పావుగంట ఉంచాలి. మెల్లగా మూస్తే మూతపడాలి, తెరిచినప్పుడు రెప్ప ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ వాలకూడదు. ఈ రెండూ తీరిన వాటిలో అన్నిటికన్నా తేలికైనది తీసుకోవాలి. మత్తు సూది వేశాక పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. ఎత్తే కండరం కూడా మత్తులో ఉంటుంది కాబట్టి తక్కువ బరువుకే మూతపడినట్టు కనిపిస్తుంది.

ఇక ఆపరేషన్. లిగ్నోకెయిన్ మత్తు సూది కొద్దిగా. రెప్ప మడత గీత మీద రెండు సెంటీమీటర్ల కోత, చర్మం, కండరం దాటి టార్సస్ పలక మీదికి. అక్కడ పలక పట్టేంత సంచి, అంతకు మించి కాదు. బరువును కంటిపాప నడిమి గీతకు కొంచెం ముక్కు వైపుగా కూర్చోబెట్టి, బెజ్జాల గుండా కరగని సన్నదారంతో టార్సస్‌కు కుట్టాలి. సూది టార్సస్ సగం మందంలోనే వెళ్ళాలి. రెప్పను తిరగేసి చూడకుండా ముందుకు పోకూడదు. దారం అవతలికి వచ్చి ఉంటే ఆపరేషన్ చేసింది కార్నియాను కాపాడడానికి, చేసిన పని దాన్ని గీకడానికి అవుతుంది. తర్వాత బరువు మీద కండరాన్ని విడిగా ఒక పొరగా మూసి, ఆపైన చర్మం. సర్జను ఈ నడిమి పొరను ఎగ్గొడితే ఏడాదికో రెండేళ్ళకో పలక బయటికి పొడుచుకొస్తుంది. ముందు చర్మం ఎర్రబడి, పలచబడి, కింద పసుపు మెరుపు కనిపిస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్‌తో సరిపెట్టకుండా తీసేయాలి.

అన్నీ బాగా జరిగినా బరువుకున్న లోపం ఒకటి. అది నిలబడ్డ, కూర్చున్న మనిషికే పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఆకర్షణ దిశ మారి, బరువు రెప్పను మూయడానికి బదులు తలవైపు, అంటే తెరిచే వైపు లాగొచ్చు. రెండు దిళ్ళు పెట్టుకుని తల ఎత్తుగా పడుకోమని, రాత్రి ఆయింట్‌మెంటు మానొద్దని చెప్పాలి. చెప్పకపోతే "బంగారం పెట్టించుకున్నాం కదా" అని చుక్కలన్నీ ఆపేస్తారు. ఎంఆర్‌ఐ చేయించుకోవచ్చా అన్న భయం మాత్రం అక్కర్లేదు, బంగారం, ప్లాటినం అయస్కాంతానికి అంటవు. గడ్డ మళ్ళీ పెరిగిందేమోనని ఏటా స్కాన్‌కు వెళ్ళేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

"నరం తిరిగొస్తే ఈ ఆపరేషన్ దండగే కదా" అన్నది ఆరు నెలల వాదానికి చివరి ఆసరా. బరువు నరానికి అడ్డురాదు. నరం తిరిగొస్తే అదే గీత మీద కోసి పావుగంటలో తీసేయొచ్చు. కార్నియా మీద మచ్చ పడితే తీసేయడం అంత సులువు కాదు.

కింది రెప్ప

పై రెప్పకు బరువు పెట్టి, వేలాడే కింది రెప్పను అలాగే వదిలేస్తే సగం పనే. కింది రెప్పను రెండు మిల్లీమీటర్లు ఎత్తితే పైన పెట్టాల్సిన బరువు కూడా తగ్గుతుంది. 1979లో ఆండర్సన్, గోర్డీ వర్ణించిన లేటరల్ టార్సల్ స్ట్రిప్‌లో బయటి కొసను విడదీసి, టార్సస్‌ను నాడాలా చెక్కి, కంటి గూటి ఎముక పొరకు కరగని దారంతో బిగిస్తారు. కుట్టు ఎముక అంచుకు లోపలి వైపు పడాలి. బయట అంచు మీద పడితే రెప్ప గుడ్డును ఆనుకోకుండా ఎడంగా నిలబడుతుంది. బయటి కొసను మాత్రమే లాగితే ముక్కు వైపున్న కన్నీటి రంధ్రం కూడా బయటికి జరిగిపోతుంది. లోపలి కొస వదులైనవాళ్ళకు అక్కడా ఒక కుట్టు కావాలి. గుడ్డు కాస్త ముందుకు పొడుచుకొచ్చినట్టుండే కళ్ళలో ఎంత బిగిస్తే రెప్ప అంత కిందికి జారుతుంది, బొజ్జ కింద మొలతాడు బిగించినట్టు. అలాంటివాళ్ళకు బిగింపు కాదు, రెప్పకు వెనకనుంచి ఊతంగా చెవి మృదులాస్థి ముక్కో, అంగిలి పొరో కావాలి.

కనుబొమ జారిందని ముందు దాన్ని ఎత్తేసేవాళ్ళు ఉన్నారు. చూపుకు అడ్డు తగ్గుతుంది, మొహం సమంగా కనిపిస్తుంది, ఆ రాత్రి నుంచి సందు ఇంకో రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. చచ్చుబడ్డ కంటి పై రెప్పలో చర్మం "ఎక్కువగా ఉంది" అని కత్తిరించడం ఇంతకన్నా ఘోరం. కనుబొమ పని రెప్పల పని తేలాకే.

దవడ బిగిస్తే మూతపడే కన్ను

కుష్ఠువ్యాధిలో కథ వేరు. తరచూ రెండు కళ్ళూ, స్పర్శా పోయి ఉంటుంది, మనిషి ఎండలో కూలికి వెళ్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రెప్ప మూతపడకపోవడం గ్రేడు 2, అంటే పైకి కనబడే వైకల్యం. వీళ్ళకోసం వేలూరు దగ్గరి కరిగిరి లాంటి చోట్ల దశాబ్దాల పాటు చేసిన ఆపరేషన్ కణత కండరాన్ని రెప్పల్లోకి మళ్ళించడం. మూలం 1934లో ప్లాస్టిక్ సర్జన్ గిల్లీస్ వర్ణించినది, కుష్ఠు రోగులకు తగ్గట్టు మార్చింది 1960ల్లో. కణత కండరానికి నరం అయిదోదాని నమిలే శాఖ. ముఖనరం పోయినా అది బతికే ఉంటుంది.

కణత దగ్గర జుట్టులో కోత పెట్టి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు కండరపు పట్టీని దాని పై పొరతో సహా లేపుతారు. పొరను రెండు తోకలుగా చీల్చి, ఒకటి పై రెప్పలో, ఒకటి కింది రెప్పలో, అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో సొరంగంలా దూర్చి, ముక్కు వైపు కొసన ఉన్న స్నాయువుకు కడతారు. సొరంగం అంచు నుంచి దూరమైతే రెప్ప బయటికి తిరగబడుతుంది. ఎక్కువ బిగిస్తే కన్ను తెరుచుకోదు, వదులుగా కడితే ఏడాదికి మళ్ళీ సందు. టేబుల్ మీదే "పళ్ళు కొరకండి" అని చూసి ముడి వేయడం అందుకే.

2005 డిసెంబరులో దేశస్థాయిలో కుష్ఠువ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని ప్రకటించాక ఈ చేతిపని నేర్చుకునేవాళ్ళు పలచబడ్డారు. రెప్పలు మూతపడనివాళ్ళు మాత్రం ఊళ్ళల్లోనే ఉన్నారు. బంగారం కన్నా ఇదే మేలని నేను అనను. స్పర్శ లేని రెప్పలో లోహపు పలక ఒరుసుకుపోయినా తెలియదన్నది దీని వైపున్న బలమైన కారణం. పడుకున్నా పనిచేస్తుందన్నది రెండోది, నిద్రలో పళ్ళు బిగించం గనక అది సగమే నిజమైనా. ఆపరేషన్ తర్వాత మూడు వారాలు జావ, మెత్తటి అన్నం. ఆపైన అద్దం ముందు కూర్చుని పళ్ళు బిగించి మూయడం, వదిలి తెరవడం, రోజుకు కొన్ని వందల సార్లు. మొదట్లో ముద్ద ముద్దకీ కన్ను మూతపడుతుంది, పక్కనున్న పిల్లలు నవ్వుతారు. ఆ సంగతి సంతకం పెట్టించుకునే ముందే చెప్పి ఉంచాలి.